వైరల్ జరానికి యాంటీబయాటిక్ వాడితే జరం ముదురుతుందా? పేగుల్లోని బ్యాక్టీరియాపై చర్చ

దేవరకొండ_పంతులమ్మ:
ఈ వానకాలం మా ఇంట్లో నాకూ మా తమ్ముడికీ ఒకే వారంలో డెంగీ వచ్చింది. ఇద్దరికీ ఎన్‌ఎస్‌1 (రక్తంలో డెంగీ వైరస్‌ను పట్టే టెస్టు) పాజిటివ్. నాకు ఒళ్లు నొప్పులు, నీరసంతో పోయింది. వాడికి మాత్రం జరం దిగాక ప్లేట్‌లెట్లు పడిపోయి, పొట్టలో నీరు చేరి, నల్లగొండలో అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నాకు కనిపించే తేడా ఒక్కటే. టెస్టుకు ముందే వాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టాడు. నేను పారాసెటమాల్ తప్ప ఏమీ వేసుకోలేదు. పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతే వైరస్ జరాలు ముదురుతాయని చదివాను. నిజమేనా? మీ ఇళ్లల్లో ఇలాంటిది చూశారా? దయచేసి బొప్పాయి ఆకు రసం గురించి మాత్రం వద్దు, అది వాట్సాప్‌లో కావాల్సినంత వచ్చింది.

మిర్యాలగూడ_మెడికల్:
అక్కా, నేను మందుల షాపులో ఉంటాను, అక్కడ జరిగేది చెప్తా. సీజన్‌లో చీటీ లేకుండా వచ్చేవాళ్లు అడిగేది ఒకటే, "జరానికి ఒక సెట్టు ఇయ్యన్నా". సెట్టు అంటే పారాసెటమాల్, ఒక యాంటీబయాటిక్, ఒక గ్యాస్ గోలీ. కొన్నిచోట్ల చిన్న స్టెరాయిడ్ గోలీ కూడా పడుతుంది. స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి పూటకో పొట్లం కట్టి ఇస్తారు. మందు పేరున్న ముక్క అక్కడే మిగిలిపోతుంది. తర్వాత పెద్దాసుపత్రికి పోతే "ఏం మింగినవ్" అని డాక్టర్ అడిగినా "తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి" అనడం తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు. సెఫిక్సిమ్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి, చీటీ చూసి రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. నేను ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు. వాళ్లనూ ఏమనలేం. ఒక పూట కూలి పోతే ఇల్లు గడవనివాళ్లు, త్వరగా లేచి నిలబడాలనే చూస్తారు. స్టెరాయిడ్ పడితే జరం దిగినట్టే ఉంటుంది మరి.

పాలమూరు_మైక్రోబయాలజీ:
పంతులమ్మ గారూ, మీరు చదివింది గాలి కబురు కాదు. అయితే అందులో చాలా భాగం ఎలుకల మీద జరిగిన పని, అది గుర్తుపెట్టుకుని చదవండి.

2011లో యేల్ యూనివర్సిటీలో ఇవసాకి బృందం ఎలుకలకు యాంటీబయాటిక్ ఇచ్చి ఫ్లూ వైరస్ ఎక్కించింది. పేగుల్లో బ్యాక్టీరియా తగ్గిన ఎలుకల ఊపిరితిత్తుల్లో రోగనిరోధక స్పందన బలహీనంగా వచ్చింది. మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నది 2018లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పని. యాంటీబయాటిక్ తాగించిన ఎలుకల్లో వెస్ట్ నైల్, డెంగీ, జికా, మూడూ ముదిరాయి. వెస్ట్ నైల్ సోకినవాటిని పరిశీలిస్తే, వైరస్ పట్టిన కణాలను చంపే సీడీ8 టి కణాలు తక్కువగా తయారైనట్టు తేలింది.

2020లో అదే యూనివర్సిటీ నుంచి చికున్‌గున్యా మీద ఇంకొకటి వచ్చింది, నాకు అన్నింటికన్నా నచ్చింది అదే. పేగుల్లో బ్యాక్టీరియా లేని ఎలుకల రక్తంలో వైరస్ ఎక్కువగా పెరిగింది. వాటికి క్లాస్ట్రీడియం సిండెన్స్ అనే ఒకే ఒక్క రకం బ్యాక్టీరియాను తిరిగి ఇస్తే వైరస్ తగ్గింది. ఆ బ్యాక్టీరియా పైత్యరసాన్ని మార్చి తయారుచేసే డీఆక్సీకోలిక్ ఆమ్లం ఒక్కటి ఇచ్చినా అదే ఫలితం.

అంటే బ్యాక్టీరియా వైరస్‌తో నేరుగా పోట్లాడదు. పేగుల్లోంచి అది పంపే పదార్థాల వల్ల రక్తంలోని కణాలు వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని తయారుచేయడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పొయ్యిలో నిప్పును ఆర్పకుండా బూడిద కప్పి పెట్టుకుంటే పొద్దున్నే ఊదగానే రాజుకుంటుంది కదా, అలా. వైరస్ జరంలో మొదటి రోజులే కీలకం, రాజుకోవడం ఆలస్యమైతే వైరస్‌కు ఆ మేరకు సందు దొరుకుతుంది.

జడ్చర్ల_జంక్షన్:
బాగుంది గానీ సార్, ఎలుక వేరు, దేవరకొండ తమ్ముడు వేరు. ఆ ఎలుకలకు నాలుగు రకాల మందులు కలిపి పేగులు దాదాపు ఖాళీ చేస్తారు, మనవాళ్లు వేసుకునేది ఒక గోలీ. ఇంకో సంగతి, జరం గట్టిగా ఉన్నవాడే ముందుగా సూదికి పరుగెత్తుతాడు. అలాంటప్పుడు సూది వల్ల ముదిరిందా, ముదిరేది కాబట్టి సూదికి పోయాడా? ఇద్దరి మీద తేల్చలేం. అక్కా, తమ్ముడికి ఇంతకుముందు ఎప్పుడైనా డెంగీ వచ్చిందా? డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి పోయాక వేరే రకం వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. రిపోర్టులో ఐజీజీ, అంటే పాత ఇన్ఫెక్షన్‌ను పట్టిచ్చే యాంటీబాడీ, ఏముందో చూడండి.

పాలమూరు_మైక్రోబయాలజీ:
ఒక్క మందుతో కూడా తేడా కనిపించింది, ఆ 2018 పనిలోనే ఆంపిసిలిన్ ఒక్కటి ఇచ్చి చూశారు. కానీ మీ రెండో మాట ముమ్మాటికీ నిజం. కోవిడ్‌లో ఇదే చిక్కు. హాంకాంగ్‌లో 100 మంది రోగులను చూసి 2021లో ప్రచురించారు. ఫీకాలిబ్యాక్టీరియం, బిఫిడోబ్యాక్టీరియం లాంటివి వాళ్లలో తగ్గాయి, జబ్బు తీవ్రతకు తగ్గట్టు మార్పులూ కనిపించాయి. అవి ముందే తక్కువ ఉండి జబ్బు ముదిరిందా, జబ్బే వాటిని తగ్గించిందా అన్నది అలాంటి లెక్కతో తేలదు.

ఇంకోటి, బ్యాక్టీరియా ఎప్పుడూ మన పక్షమే అనుకోవద్దు. పోలియో వైరస్ విషయంలో తలకిందులైంది. 2011లో వచ్చిన పనిలో, యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకలకే పోలియో తక్కువగా పట్టింది. ఆ వైరస్ బ్యాక్టీరియా పైపొరను అంటుకుని బలపడుతుంది. కాబట్టి ఏ వైరస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మనుషుల మీద నేరుగా చేసింది 2019లో ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు యాంటీబయాటిక్ ఇచ్చి ఫ్లూ టీకా వేశారు. టీకాకు ముందు యాంటీబాడీలు తక్కువగా ఉన్నవాళ్లలో స్పందన తగ్గింది. జబ్బు కాదు, టీకా. అయినా దారి ఒకటే కదా.

నారాయణపేట_జొన్నచేను:
మా తాత గట్క, అంబలి, సల్ల మీదే బతికిండు. డెంగీ అన్న పేరే ఎరగడు. ఇప్పుడు పిల్లలకు పొద్దున లేస్తే బ్రెడ్డు, నూడుల్స్. పేగుల్లో బ్యాక్టీరియా ఎక్కడ మిగుల్తది? జొన్నరొట్టె మానేసిన కాడికెల్లే ఈ జరాలు.

జడ్చర్ల_జంక్షన్:
అన్నా, మీ తాతకు డెంగీ రాలేదో, వచ్చినా పేరు తెలియలేదో! టెస్టు ఎక్కడుంది అప్పుడు? జొన్నరొట్టె మీద నాకూ ప్రేమే, కానీ డ్రమ్ముల్లో, కూలర్లలో నీళ్లు నిలవుంటే డెంగీ దోమ వస్తుంది. రొట్టె తినేవాడిని వదిలిపెట్టి పక్కవాడిని కుట్టదు.

పాలమూరు_మైక్రోబయాలజీ:
జొన్నచేను అన్న మాటలో సగం పనికొస్తుంది. పీచు మనకు అరగదు, పెద్దపేగులో బ్యాక్టీరియాకు అదే తిండి. అది పులిసి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. 2018లో ఒక పనిలో పీచు ఎక్కువ పెట్టిన ఎలుకలు ఫ్లూను బాగా తట్టుకున్నాయి. జొన్న, కంది, పెసర, ఆకుకూర, ఇవన్నీ మన దగ్గర ఉన్నవే. కానీ రేపు జరం వస్తే ఇవాళ గట్క తిని ఆపేయగలమని కాదు.

సూర్యాపేట_బైపాస్:
నాకు ఫ్లూ వచ్చి తగ్గాక ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ రాశారు. చిన్న డబ్బాకు ధర చూస్తే మళ్లీ జరం వచ్చినంత పనైంది. కొనాలా వద్దా? పెరుగు చాలదా?

పాలమూరు_మైక్రోబయాలజీ:
రాసిన డాక్టర్‌నే ఎందుకని అడగండి, నేను ఇక్కడి నుంచి మానెయ్యమని చెప్పలేను. తెలిసింది ఇది. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరోగ్యవంతులకు యాంటీబయాటిక్ ఇచ్చి, కొందరికి తర్వాత ప్రోబయోటిక్ ఇచ్చారు, కొందరిని ఊరికే వదిలేశారు. ఊరికే వదిలేసినవాళ్లలో సొంత బ్యాక్టీరియా ముందుగా తిరిగి వచ్చింది. ప్రోబయోటిక్ వేసుకున్నవాళ్లలో ఆలస్యమైంది, కొత్తగా వచ్చినవి చోటు ఆక్రమించాయి. యాంటీబయాటిక్ వల్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు ఉపయోగం ఉండొచ్చు, అది వేరే లెక్క. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తినండి, తిండిగా.

నల్లగొండ_స్టాఫ్‌నర్స్:
ఇదంతా చదివి రేపు ఎవరైనా డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ పక్కన పడేస్తారేమోనని నాకు టెన్షన్. వార్డులో చూసేది చెప్తున్నా. జరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు తక్కువ, అచ్చం డెంగీలాగే వచ్చి స్క్రబ్ టైఫస్ అని తేలేవాళ్లున్నారు. అది బ్యాక్టీరియా జబ్బు, పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు లార్వా కుడితే వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్ పడాల్సిందే, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. చంకలో, గజ్జల్లో, నడుము చుట్టూ, రొమ్ము కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో వెతకాలి. నొప్పి ఉండదు కాబట్టి మనిషికే తెలియదు. చీర కట్టు కింద ఉంటే ఆడవాళ్లు చూపించడానికి మొహమాటపడతారు. పొలం పనికి, మేకల వెంట పోయేవాళ్లయితే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. నాట్లప్పుడు బురదలో దిగినవాళ్లకు లెప్టోస్పైరోసిస్ ఉండొచ్చు, దానికీ యాంటీబయాటిక్కే.

డెంగీ అని తేలితే మాత్రం పారాసెటమాల్, నీళ్లు, ఓఆర్‌ఎస్. బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. జరం దిగాక గండం గడిచిందని పనికి పోతారు, అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. కడుపు గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, మత్తుగా పడుకోవడం, వీటిలో ఏదున్నా ఆసుపత్రికే.

దేవరకొండ_పంతులమ్మ:
రిపోర్టు తీసి చూశాను. తమ్ముడికి జరం మొదలైన తొలి రోజుల్లోనే ఐజీజీ పాజిటివ్ ఉంది, నాది నెగటివ్. వాడు ఇంతకుముందు హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసినప్పుడు ఒకసారి గట్టి జరం పడ్డాడు, అప్పుడు టైఫాయిడ్ అన్నారు.

జడ్చర్ల_జంక్షన్:
అయితే అక్కా, నా పందెం పాత డెంగీ మీదే.

పాలమూరు_మైక్రోబయాలజీ:
నాదీ అదే. తొలి రోజుల్లోనే ఐజీజీ ఉంటే రెండోసారి డెంగీ అయ్యే అవకాశమే ఎక్కువ, తీవ్రతకు అది పెద్ద కారణం. డెంగీకి ఆ యాంటీబయాటిక్ పనికిరాదన్నది ఖాయం. ముదరడంలో దాని వంతు ఎంతన్నది ఆ రిపోర్టు చెప్పదు.

పేగులు వదిలేసి చర్మం సంగతి ఒకటి చెప్తా, ఇది రోజూ పనికొచ్చేది. 2022లో చైనా పరిశోధకులు చూసింది. డెంగీ, జికా సోకినప్పుడు చర్మం మీద కొన్ని బ్యాక్టీరియా పెరిగి అసిటోఫినోన్ అనే వాసన ఎక్కువగా వదులుతాయి, ఆ వాసనకు దోమలు ఎగబడతాయి. డెంగీ రోగుల చర్మం వాసనతోనూ పరీక్షించారు. అంటే ఇంట్లో జరంతో పడుకున్న మనిషి దగ్గరకే దోమ ముందు పోతుంది, ఆ రక్తం తాగిన దోమకు వైరస్ పట్టి, అది కొన్నాళ్లకు మిగతావాళ్లను కుట్టి అంటిస్తుంది.

మిర్యాలగూడ_మెడికల్:
అంటే దోమతెర రోగికే ముందు కట్టాలన్నమాట. మనం చిన్నపిల్లలకు కట్టి, జరం మనిషిని వరండాలో నులకమంచం మీద పడుకోబెడతాం.

నల్లగొండ_స్టాఫ్‌నర్స్:
అవును తమ్ముడూ, జరం ఉన్నన్ని రోజులూ కట్టాలి. పగలు కూడా. డెంగీ దోమ పొద్దునా, సాయంత్రం చీకటి పడేలోపే ఎక్కువ కుడుతుంది.