వెజేర్ లోయలో సైకిలు మీద ఒక రోజు

ప్రశ్న: సెప్టెంబరులో ఫ్రాన్సు వెళ్తున్నాను. వెజేర్ నది వెంట మోంతిన్యాక్ నుంచి లేజెజీ దాకా రోడ్డు సైకిలు మీద వెళ్తూ గుహలు కూడా చూడాలని ఉంది. ఒక్క రోజు సరిపోతుందా?

జవాబు: తొక్కడానికి పూట చాలండి, డి706 రోడ్డు మీద దాదాపు పాతిక కిలోమీటర్లే. గుహలే రోజును మింగేస్తాయి. మోంతిన్యాక్ దగ్గర ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు. మీరు చూసేది 2016లో తెరిచిన నకలు. బాగుంటుంది కానీ, నా ఓటు లేజెజీ పక్కనున్న ఫోన్-ద-గోమ్ గుహకే. అక్కడి అడవిదున్నలు ఆనాటి మనుషులు అసలు రాతి మీద వేసినవే. కొద్దిమందినే లోపలికి పంపుతారు కనుక టికెట్టు ముందే తీసుకోండి. పెడల్‌కు బిగించే బూట్లు గుహలో జారతాయి, సంచిలో చెప్పులు ఉంచుకోండి. రోక్ సెంక్రిస్తోఫ్ కొండచరియ కింద ఆగకుండా మాత్రం పోవద్దు.

మరో జవాబు: ఆదివారం మధ్యాహ్నం ఊళ్లలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. నీళ్లకు శ్మశానాల దగ్గరి కుళాయిలే దిక్కు. తాగవద్దని బోర్డు లేకపోతేనే పట్టుకోండి.

ప్రశ్న వేసినవారు: లిమెయ్ ఊరి దాకా పొడిగించవచ్చా?

జవాబు: తప్పకుండా. వెజేర్ దోర్దోన్య్ నదిలో కలిసేది అక్కడే. వంతెనల దగ్గర ఆగితే సుఖం, కొండ మీది ఊళ్లోకి ఎక్కాలంటే చిన్న గేరు ఉండాల్సిందే.