కేస్ షీట్లను కంప్యూటర్‌లోకి మార్చాము, నర్సింగ్ సిబ్బంది అంగీకరించడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: ఆసుపత్రి పరిపాలనాధికారి

అందరికీ నమస్కారం. గోదావరి ప్రాంతంలోని 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో పరిపాలన బాధ్యతలు చూస్తున్నాను. మూడు నెలల క్రితం కాగితపు కేస్ షీట్ల స్థానంలో కంప్యూటర్ విధానాన్ని ప్రవేశపెట్టాము. రెండు రోజుల శిక్షణ ఇప్పించి, సర్క్యులర్ పంపి, పాత చార్టుల ముద్రణను ఆపివేశాము. అయినా వార్డుల్లో పని పాత పద్ధతిలోనే సాగుతోంది. నర్సులు బీపీ, పల్స్, జ్వరం రీడింగులను చీటీల మీద రాసి యూనిఫాం జేబులో ఉంచుకుని, మధ్యాహ్నం 2 గంటలకు డ్యూటీ దిగే ముందు అన్నింటినీ ఒకేసారి ఎక్కిస్తున్నారు. దాంతో ఉదయం 8, 10, 12 గంటల రీడింగులన్నీ 1.45కే తీసినట్టు నమోదవుతున్నాయి. ఆలస్యంగా నమోదు చేసిన ఆరుగురికి మెమోలు ఇచ్చాక పరిస్థితి మరింత బిగుసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న ఒక ఇన్‌చార్జ్ సిస్టర్ రాజీనామా చేస్తానంటున్నారు. ఆవిడ లేకపోతే ఆ వార్డు నడవడం చాలా కష్టమని నాకు తెలుసు. పైగా వచ్చే నెల నుంచి షిఫ్టు వేళలు కూడా మార్చాలని యాజమాన్యం అనుకుంటోంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1: స్టాఫ్ నర్సు

సార్, మీరు చెప్పిన చీటీ నా జేబులోనూ ఉండేది కాబట్టి దాని గురించి నేను చెప్పగలను. ముప్పై మంది రోగులున్న వార్డులో ఉదయం డ్యూటీకి ముగ్గురం ఉంటాము, నర్సింగ్ స్టేషన్‌లో కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. చివరి మంచం దగ్గర బీపీ చూసి, అక్కడి నుంచి నడిచి వచ్చి, ముందు కూర్చున్నవారు లేచేదాకా నిలబడి, మళ్లీ లాగిన్ అయి ఒక్క రీడింగు ఎక్కించేలోపు ఇంకో రోగికి సెలైన్ అయిపోతుంది. ఈలోగా రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు మంచం దగ్గరే నిలబడి రీడింగు అడుగుతారు. ఆ క్షణంలో మాకు అక్కరకు వచ్చేది జేబులోని చీటీయే. మీరు దాన్ని మొండితనంగా చూస్తున్నట్టున్నారు, మేము మాత్రం రోగిని చూసుకోవడం ఆగకూడదనే దాన్ని ఉంచుకున్నాము.

మెమోల గురించి కూడా ఒక మాట చెప్పాలి. శిక్షణలో ఇది రోగుల భద్రత కోసమని చెప్పి, ఆ నమోదు వేళలనే చూపించి సంజాయిషీ అడిగితే, ఈ కంప్యూటర్ మమ్మల్ని పట్టుకోవడానికే వచ్చిందని అందరికీ అనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరైనా నిజమైన వేళ కన్నా ఇబ్బంది కలిగించని వేళ వేయడానికే చూస్తారు. రోగికి అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. ముందు ఆ ఆరు మెమోలను వెనక్కి తీసుకోండి.

సమాధానం 2: విశ్రాంత బ్యాంకు అధికారి

పైన సోదరి రాసినది చదివాక మా రోజులు గుర్తుకొచ్చాయి. 1980ల చివర్లో నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో గుమస్తాగా ఉండగా ఖాతాల లెక్కలను లెడ్జర్లలో చేత్తో రాసే బదులు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి. యంత్రం నలుగురి పని చేస్తే మిగిలిన ముగ్గురి గతి ఏమిటన్న భయంతో నేనూ నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నాను. ఆ భయాన్ని ఉపన్యాసాలు పోగొట్టలేదు. 1983లో బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య యంత్రీకరణపై ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది బ్యాంకుల యంత్రీకరణపై రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, 1993లో కంప్యూటరీకరణపై మరో ఒప్పందం జరిగింది. యంత్రాలు ఏ మేరకు రావాలి, వాటి మీద పనిచేసేవారికి ప్రత్యేక భత్యం ఎంత అన్నవి కూడా బల్లకు అటూ ఇటూ కూర్చుని తేల్చుకుని, కాగితం మీద పెట్టుకున్న విషయాలే.

అయితే నా మనసు మారింది ఒప్పందం వల్ల కాదని నిజాయితీగా చెప్పాలి. సేవింగ్స్ లెడ్జర్ల బ్యాలెన్సింగులో కొన్ని పైసల తేడా వచ్చినా రాత్రి తొమ్మిదింటిదాకా పేజీలు తిరగేసేవాళ్లం. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయని అనుమానించాలని సీనియర్లు నేర్పారు. కొంతకాలం లెడ్జరూ రాసి, యంత్రంలోనూ ఎక్కించి, రెండు పనులతో విసిగిపోయిన తర్వాత, ఒక నెల యంత్రం ఇచ్చిన జాబితా మొదటిసారే సరిపోయింది. ఆ రోజు ఆరున్నరకే ఇంటికి వెళ్లాను. యంత్రం గురించి మా శాఖలో మాట్లాడుకునే తీరు ఆ వారంలోనే మారిపోయింది. మీ విధానం వల్ల నర్సులకు ఇంతవరకు తగ్గిన పని ఏదైనా ఉందా? తర్వాతి షిఫ్టువారికి అప్పగించే హ్యాండోవర్ నోట్సు, మందులు కావాలని రాసే ఇండెంటు వంటివి కంప్యూటరే తయారుచేసి ఇస్తే, వారు రెండోసారి రాసే బాధ తప్పుతుంది.

సమాధానం 3: మానవ వనరుల విభాగం

ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నాను. ఈ విషయంలో 1948లో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ చదవదగినది. అమెరికాలోని వర్జీనియాలో పైజమాలు కుట్టే హార్‌వుడ్ కర్మాగారంలో పని పద్ధతి మారిన ప్రతిసారీ ఉత్పత్తి పడిపోయేది. మార్పును కేవలం ప్రకటించిన బృందంలో ఉత్పత్తి కోలుకోలేదు, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. కొత్త పద్ధతిని రూపొందించడంలో అందరికీ చోటిచ్చిన బృందాలు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఆ తర్వాత జరిగింది. మొదటి బృందంలో మిగిలినవారిని సుమారు రెండున్నర నెలల తర్వాత మరో పనికి మార్చి, ఈసారి వారినీ నిర్ణయంలో కలుపుకుంటే, వారూ అంతే వేగంగా అందుకున్నారు. కాబట్టి మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌ను మార్పుకు అడ్డుగా లెక్కకట్టకుండా, తెర మీద ఏ గడి ముందు రావాలో ఆవిడనే అడగండి.

షిఫ్టు వేళల విషయంలో తొందరపడవద్దు. పని వేళల వంటి సేవా నిబంధనలను మార్చే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఏ సెక్షన్ చెప్పింది, 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతిలోనూ ఆ నియమం ఉంది. అది మీ సంస్థకు ఎలా వర్తిస్తుందో న్యాయవాదితో మాట్లాడండి. చట్టం సంగతి అటుంచినా, ఒక మార్పు కుదురుకోకముందే రెండోది తెస్తే రెండూ చెడతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ ఉదయం ఇన్‌చార్జ్ సిస్టర్‌తో గంటసేపు కూర్చున్నాను. మూడు నెలల్లో ఆవిడను నేను అభిప్రాయం అడగడం ఇదే మొదటిసారి అని గ్రహించి బాధపడ్డాను. మెమోలు ఉపసంహరించాము. రీడింగు తీసిన వేళ, ఎక్కించిన వేళ విడివిడిగా ఉండాలని ఆవిడ సూచించారు, సాఫ్ట్‌వేర్ వారు చేయగలమన్నారు. షిఫ్టుల మార్పు వాయిదా వేయమని యాజమాన్యాన్ని కోరాను. మంచాల దగ్గరకు తీసుకెళ్లే ట్యాబ్లెట్లు నాలుగు మాత్రమే మంజూరయ్యాయి. వాటిని ముందు ఏ వార్డుకు ఇవ్వమంటారు?

స్టాఫ్ నర్సు

నాలుగూ ఒకే వార్డుకు ఇవ్వండి సార్, తలా ఒకటి పంచితే ఎవరికీ సరిపోవు. ఏ వార్డు అన్నది ఆ సిస్టర్‌గారినే నిర్ణయించమనండి. కాగితపు చార్టులను మాత్రం ఆ వార్డులో ఇంకో నెల అందుబాటులో ఉంచి, ఆపే తేదీని ముందే గోడ మీద అంటించండి.