‘లె సమురాయ్’: ఆ హంతకుడి మీద మనకెందుకు జాలి? (స్పాయిలర్లు ఉన్నాయి)

మారతహళ్లి మూడో అంతస్తు:
నిన్న రాత్రి పీజీలో ఫ్రెంచ్ దర్శకుడు మెల్విల్ తీసిన ఈ 1967 సినిమా చూశాను. మొదటి పది నిమిషాలు మాటే లేదు. సౌండ్ రావట్లేదనుకుని మా రూమ్మేట్ లేచొచ్చి వాల్యూమ్ పెంచాడు, పాపం. హీరో అలెన్ డెలాన్ ఇందులో డబ్బు తీసుకుని మనుషుల్ని చంపే హంతకుడు. గదిలో ఒక మంచం, పంజరంలో ఒక పిట్ట. అయిపోయేసరికి వాడి మీద జాలేసింది, అందుకు నా మీద నాకే కోపమొచ్చింది. వాడి చేతిలో చచ్చిన క్లబ్ ఓనరు గురించి మనకేం తెలుసు? వీడు ఇంత అందగాడు కాకపోతే మనకింత దిగులుండేదా?

కోరమంగళ కాఫీ:
అందం ఒక్కటే కాదు బాస్. కారు దొంగతనం సీన్ గుర్తుందా? పెద్ద తాళాల గుత్తి పక్క సీట్లో పెట్టుకుని ఒక్కో తాళం తిప్పి చూస్తాడు. అద్దం మీద వాన చినుకులు. మొహంలో టెన్షన్ లేదు, తొందర లేదు. పొద్దున్నే ఆఫీసుకెళ్లి లాగిన్ అయ్యేవాడిలా ఉంటాడు. నాకక్కడ భయమే వేసింది, జాలి తర్వాత సంగతి.

పాత రీలు:
మరి ముగింపు? క్లబ్‌లో టోపీలు దాచే కౌంటర్లో టోపీ ఇస్తాడు, దాన్ని తిరిగి తీసుకునే టోకెన్ మాత్రం అక్కడే వదిలేస్తాడు. తిరిగి వెళ్లేది లేదని తెలుసు. క్లబ్‌లో పియానో వాయించే అమ్మాయిని చంపమనే కదా పంపారు, ఆమెకు గురిపెట్టిన తుపాకీలో ఒక్క గుండూ లేదు. ఆమె కోసం ప్రాణం ఇచ్చాడండీ.

మారతహళ్లి మూడో అంతస్తు:
పోలీసుల చేత తనను చంపించుకున్నాడు అనండి. అదీ ఆ అమ్మాయి కళ్లముందే. రేపు మళ్లీ అక్కడే కూర్చుని ఆమె పియానో వాయించాలి కదా! దీన్ని త్యాగం అంటే నేనొప్పుకోను.

కోరమంగళ కాఫీ:
ఈ మాట నాకు తట్టనేలేదు. అయినా మెల్విల్ మనల్ని మొదట్లోనే బుట్టలో వేశాడు. సమురాయ్ ఒంటరితనం గురించి తెర మీద పడే వాక్యం బుషిడో (జపాన్ సమురాయ్ యోధుల నీతి నియమాలు) నుంచి అంటాడు, తీరా చూస్తే అది ఆయన సొంతంగా రాసుకున్నదే.

పాత రీలు:
ఇంకో సంగతి. మెల్విల్ సొంత స్టూడియో ఆ ఏడాదే కాలిపోయింది. సినిమాలో కనిపించే పిట్ట ఆ మంటల్లోనే పోయింది.

మారతహళ్లి మూడో అంతస్తు:
అయ్యో. గదిలో ఎవరో మైకు పెట్టి వెళ్లారని వాడికి అనుమానం వచ్చింది ఆ పిట్ట కంగారు చూసే కదా. సరే, నా జాలంతా దానికే.