ప్రియోరాత్ వైన్‌కి అంత పేరు ఎలా వచ్చింది?

ప్రశ్న: స్పెయిన్‌లో రియోహా అనే వైన్ ప్రాంతం గురించి కొంత చదివాను. దానితో సమానమైన హోదా కాటలోనియాలోని చిన్న ప్రియోరాత్‌కి కూడా ఉందట. కారణం మట్టా, మనుషులా?

జవాబు: రెండూనండీ. గ్రతాల్యోప్స్ ఊరి తోటల్లో నడిచినప్పుడు నా కాళ్ల కింద మట్టి కనపడలేదు, అంతా విరిగిన నల్ల పలకరాయి. లికొరెయా అంటారు. వేర్లు ఆ రాతి సందుల్లోంచి లోతుకు దిగి తడి వెతుక్కోవాలి. కాపు చాలా తక్కువ, అందుకే రసం అంత చిక్కన. కొండవాలు మీద కోత చేత్తోనే. ఆ ముసలి తీగల్ని చూస్తే నాకు దండం పెట్టాలనిపించింది.

ఇక మనుషులు. 12వ శతాబ్దం చివర్లో కార్తూసియన్ అనే శాఖ క్రైస్తవ సన్యాసులు అక్కడ స్కాలా దేయి మఠం కట్టారు. ఆ మఠాధిపతి, అంటే ప్రియర్, ఏలుబడి వల్లే ఈ పేరు. 1835లో మఠం ఆస్తులు పోయాయి, తర్వాత ఫిల్లోక్సెరా అనే, ద్రాక్ష వేర్లను పట్టే పురుగు తోటల్ని తినేసింది, జనం వలసపోయారు. రెనే బార్బియే, ఆల్వరో పలాసియోస్ లాంటి వైన్ తయారీదారులు 1989లో కలిసి వైన్ చేసి, వేర్వేరు పేర్లతో సీసాల్లో నింపారు. మళ్లీ ప్రాణం వచ్చింది అప్పుడే.

ప్రశ్న అడిగినవారు: ద్రాక్ష ఏ రకమండీ?

ఇంకొకరు: ముఖ్యంగా గర్నాచా, కరిన్యేనా. పాత తోటల కరిన్యేనా దొరికితే వదలకండి.