ట్రిప్టిక్ (మూడు భాగాలు కలిసి ఒకటయ్యే బొమ్మ) అనాలంటే మూడు బొమ్మలకీ కీలు ఉండాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి

మాదాపూర్‌లో ఒక గ్రూప్ షోకి మా చెల్లెలు మూడు కాన్వాసులు పెడుతోంది. లాడ్ బజార్‌లో ఒక గాజుల కొట్టు, పొద్దున షట్టర్ ఎత్తుతుండగా, సాయంత్రం రద్దీలో, రాత్రి కట్టేశాక. మూడూ విడివిడి ఫ్రేములే, మధ్యలో నాలుగు వేళ్ల సందు, కానీ గాజుల వరుస మాత్రం మొదటిదాంట్లో మొదలై మూడోదాని చివరిదాకా పోతుంది.

లేబుల్ మీద ట్రిప్టిక్ అని రాస్తానంటే, షో చూసుకునే ఆయన ఒప్పుకోవట్లేదు. మడత పెట్టలేనిది ట్రిప్టిక్ ఎలా అవుతుందండీ అంటారు. గ్రీకులో ఆ మాటకి అర్థం మూడు మడతలదనే, రోమన్లు మైనం పూసి రాసుకున్న మూడు పలకల్నీ అలాగే అనేవారు, తర్వాత చర్చిల్లో ఆల్టర్ (పూజావేదిక) మీద పెట్టే, పక్క పలకలు రెక్కల్లా మూసుకునే బొమ్మలకి ఆ పేరొచ్చింది. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న, చిత్రకారుడు బాష్ వేసిన ‘గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్’ బొమ్మ చూడండి, రెక్కలు మూస్తే లోపలి రంగులన్నీ పోయి బయట బూడిద రంగు భూగోళం ఒక్కటే కనిపిస్తుంది. అక్కడిదాకా ఆయన మాటే కరెక్టు.

మరి 1944లో చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ వేసిన మూడు బోర్డులు విడివిడివే కదా, వాటినీ ట్రిప్టిక్ అనే అంటున్నారు! జపాన్‌లో మూడు కాగితాల మీద అచ్చువేసే చెక్క ముద్రల బొమ్మల్నీ అంతే. అసలు ఈ కీళ్ల షరతు ఎప్పుడు పోయింది, ఎవరితో పోయింది?

ఇంకోటి, తెలుగు లేబుల్‌కి ఏం రాయాలి? త్రిఫలకం అని ఒకరన్నారు, నాకైతే ఆయుర్వేదం చూర్ణం గుర్తొస్తోంది. లేబుళ్లు శుక్రవారం ప్రింటుకి వెళ్తాయి, ఆలోపు చెప్పండి ప్లీజ్.