మారిషస్ క్వారంటైన్ చట్టం: రెగ్యులేషన్ చాలా, సవరణ బిల్లు కావాలా?

లా పేపర్ కోసం అడుగుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య నియమాలకు (ఐహెచ్‌ఆర్) 2024లో చేసిన సవరణలు, తిరస్కరించని దేశాలకు 2025 సెప్టెంబర్ 19న అమల్లోకి వచ్చాయి. వాటిలో ‘మహమ్మారి అత్యవసర పరిస్థితి’ అనే కొత్త హెచ్చరిక స్థాయి ఉంది. ప్రతి దేశం ఒక జాతీయ ఐహెచ్‌ఆర్ అథారిటీని పెట్టాలని కూడా ఉంది. మారిషస్‌లోనేమో 1954 నాటి చట్టం పోయి, కోవిడ్ వేళ వచ్చిన క్వారంటైన్ చట్టం, 2020 ఉంది. అంటే ఈ సవరణల కంటే ముందుది. అక్కడ అంతర్జాతీయ ఒప్పందాలు వాటంతటవే దేశీయ చట్టం కావు.

చట్టాన్నీ, నియమాల పాత, కొత్త పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదివాను. నియమాల 59వ అధికరణంలో గడువు సంగతే దొరికింది. మారిషస్‌లోని ఆఫీసు ఒకదానికి మెయిల్ పెడితే జవాబు లేదు. గెజిట్‌లో రెగ్యులేషన్ (చట్టం కింద మంత్రి చేసే నిబంధన) ఇస్తే సరిపోతుందని మా లెక్చరర్ అంటారు, నాకైతే అనుమానమే.

కొత్త అథారిటీకి అధికారాలు ఇవ్వడానికి మంత్రి రెగ్యులేషన్ చాలుతుందా, పార్లమెంటులో సవరణ బిల్లు తప్పదా?