తుక్కు అల్యూమినియంతో 5×8 ట్రైలర్: ఎక్కడ వెల్డింగ్, ఎక్కడ బోల్టు?

డెంటన్_వాసి:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను. ఎస్‌యూవీ వెనక తగిలించుకునే చిన్న ట్రైలర్ ఒకటి కట్టాలనుకుంటున్నా. తొట్టి 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. మట్టి, మల్చ్, చెక్కలు, అప్పుడప్పుడు ఫర్నిచర్ వేస్తాను. సరుకు 1,500 పౌండ్లు దాటదు. ఖాళీ బండి 500 పౌండ్ల దగ్గర ఆగాలి.

చేతిలో ఉన్న సామాను ఇది. పాత పడవ ట్రైలర్ నుంచి వచ్చిన 5 అంగుళాల ఎత్తు అల్యూమినియం ఐ బీములు రెండు, ఒక్కొక్కటి 14 అడుగులు, కింది రెక్క (ఐ ఆకారంలో కింది అడ్డపట్టీ) నిండా పాత బెజ్జాలు. 2×3 అంగుళాల బాక్స్ పైపులు ఆరు, ఒక్కొక్కటి 6 అడుగులు, గోడ మందం అంగుళంలో ఎనిమిదో వంతు. పికప్ టూల్‌బాక్సు విప్పితే వచ్చిన తళతళలాడే చెకర్డ్ ప్లేటు. కిటికీ ఫ్రేముల యానోడైజ్డ్ పట్టీలు కొన్ని. పాత క్యాంపర్ నుంచి 3,500 పౌండ్ల ఇరుసు, కమాన్లు, హబ్బులతో సహా.

టంగ్‌కి (ఎస్‌యూవీకి తగిలించే ముందు దూలం) ఆ 2×3 పైపు చాలుతుందా? మిగ్ వెల్డింగ్ మెషీన్ ఉంది, స్పూల్ గన్ (వైరు చుట్ట గన్‌లోనే ఉండే రకం) కొంటే మొత్తం వెల్డ్ చేసేయొచ్చా? రిజిస్ట్రేషన్ సంగతేంటి?

ఆర్గాన్_అన్న:
టంగ్‌తోనే మొదలుపెడదాం, ప్రాణం తీసేది అదే. మొత్తం బరువు 2,000 పౌండ్లనుకుంటే ఎస్‌యూవీ వెనక హిచ్ బంతి మీద 10 నుంచి 15 శాతం, అంటే 200 నుంచి 300 పౌండ్లు పడాలి. 300 తీసుకోండి. టంగ్ తొట్టి ముందుకు 48 అంగుళాలు పొడుచుకొస్తే ముందు అడ్డదూలం దగ్గర వంపు బలం 14,400 అంగుళ-పౌండ్లు. మీ 2×3 పైపును నిలువుగా పెట్టినా దాని సెక్షన్ మాడ్యులస్ (వంపును తట్టుకునే కొలత) 0.98 మాత్రమే. ఒత్తిడి దాదాపు 14,700 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. గుంతలో పడితే దీనికి రెండు మూడు రెట్లు.

ఇప్పుడు లోహం వైపు చూడండి. 6061 టీ6 (6061 మిశ్రమం, టీ6 దాని గట్టిదనం) ఎక్స్‌ట్రూజన్‌కి లెక్కల్లో పట్టే ఈల్డ్, అంటే శాశ్వతంగా వంగిపోయే హద్దు, 35,000 పీఎస్ఐ. వెల్డ్ చేశారా, అతుకుకు అటూ ఇటూ అంగుళం మేర అది 15,000కి దిగిపోతుంది. టీ6 గట్టిదనం వేడిచేసి తెచ్చినది, ఆర్క్ వేడికి పోతుంది, మనం గ్యారేజీలో తిరిగి తేలేం. కాబట్టి 2×3 టంగ్ వెల్డ్ చేస్తే నిలబడి ఉండగానే హద్దులో ఉంటుంది. వద్దు. 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు, పావు అంగుళం మందం ఉన్న 6061 బాక్స్ పైపు 8 అడుగులు కొనండి. సెక్షన్ మాడ్యులస్ 3.5, ఒత్తిడి 4,100 చిల్లర. మూడు రెట్లు కుదుపు వచ్చినా 12,300. తుక్కులో దొరక్కపోతే కొత్తది కొనాల్సిన ఒకే ఒక్క ముక్క ఇది, పీనాసితనం చూపకండి.

దాన్ని 4 అడుగులు బయటికి, 4 అడుగులు తొట్టి కిందికి పెట్టండి. మీ 14 అడుగుల బీముల్లో 8 అడుగులు పక్క రైళ్లకు (తొట్టి పొడవునా పోయే రెండు దూలాలు) పోగా రెండు 6 అడుగుల ముక్కలు మిగులుతాయి. వాటిని అడ్డదూలాలుగా కోసి ఒకటి తొట్టి ముందు అంచున, రెండోది 48 అంగుళాల దగ్గర పెట్టండి. రెండూ రైలుతో సమానమైన ఎత్తు కాబట్టి టంగ్ ఆ రెండింటి కింద తిన్నగా కూర్చుంటుంది, మధ్యలో దిమ్మలు పెట్టక్కర్లేదు. మిగతా చోట్ల 16 అంగుళాలకొకటి చొప్పున 2×3 పైపులు ఐదు. మొత్తం ఏడు అడ్డదూలాలు. ఆరో పైపు ముక్కలు చేసి పక్క నిట్టాళ్లకు వాడండి.

ముందు అడ్డదూలం దగ్గర టంగ్‌కి బెజ్జం వెయ్యొద్దు, వెల్డ్ అసలే వద్దు. వంపు బలం ఎక్కువగా పడేది అక్కడే. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు పెట్టి, పైపుకు పక్కలనుంచి నాలుగు అర అంగుళం బోల్టులతో బిగించి పట్టండి. టంగ్ జారకుండా వెనక చివర మాత్రం ఒక బోల్టు ఆరపార వేసుకోవచ్చు, అక్కడ వంపు సున్నా.

పాత బెజ్జాల మాట. వాటిని వెల్డ్‌తో పూడ్చాలనిపిస్తుంది, పూడ్చకండి. బెజ్జం వల్ల పోయే బలం కంటే పూడ్చిన వేడికి పోయే బలం ఎక్కువ. ఈ రైళ్లు ఇరుసు దగ్గర పైకి వంగుతాయి కాబట్టి లాగుడు పై రెక్క మీద పడుతుంది. బెజ్జాల రెక్క కింద ఉండేలాగే పెట్టి, ఎక్కువ బెజ్జాలున్న భాగం కమాన్ హ్యాంగర్లకు (కమాన్లను ఫ్రేముకు పట్టే బ్రాకెట్లు) దూరంగా వచ్చేట్టు కోసుకోండి.

ఏ ముక్క ఏ మిశ్రమమో తేలకుండా గన్ పట్టుకోవద్దు. పడవ ట్రైలర్ బీములు మామూలుగా 6061 టీ6. కిటికీ పట్టీలు 6063, మెత్తన, పక్క గోడల పైకమ్మీకి సరిపోతాయి, బరువు మొయ్యవు. తళతళలాడే చెకర్డ్ ప్లేటు సాధారణంగా 3003, అది ఇంకా మెత్తన. మసక రంగులో ఉండేది 6061 కావచ్చు. బాక్స్ పైపుల మీద ముద్ర లేకపోతే తుక్కు యార్డులో మిశ్రమం ఏదో చెప్పే ఎక్స్‌రే గన్‌తో చూపించమనండి. అదీ కుదరకపోతే కాస్టిక్ సోడా నీళ్లు ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగండి. రాగి, జింకు ఎక్కువున్న 2024, 7075 రకాలు కటిక నలుపు తిరుగుతాయి. అవి వెల్డ్‌కి పనికిరావు, చల్లారుతుండగానే చిట్లుతాయి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట చెయ్యండి.

స్పూల్ గన్ తీసుకోండి గానీ పక్క గోడలకు, మూలల గసెట్లకు (బలానికి వేసే త్రికోణ పలకలు), నంబర్ ప్లేటు బ్రాకెట్‌కు వాడండి. గ్యాసు నూటికి నూరు ఆర్గాన్. ఉక్కుకు వాడే ఆర్గాన్-సీఓ2 మిశ్రమం పెడితే మసి తప్ప అతుకు రాదు. వైరు 5356 రకం, 0.035 అంగుళాలు. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, తర్వాతే కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్షు కొట్టండి. తిరగేసి చేస్తే జిడ్డును లోహంలోకి రుద్దినట్టవుతుంది. గన్‌ను లాగకుండా ముందుకు తోస్తూ పోవాలి. ఆపే చోట గుంట మిగలనిచ్చారో, పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది, ఒక్క క్షణం వెనక్కొచ్చి నింపి వదలండి. మీ తుక్కులోంచే రెండు ముక్కలు టీ ఆకారంలో అతికి సుత్తితో విరగ్గొట్టి చూడండి. అతుకు తోలులా ఊడొస్తే కరెంటు చాల్లేదని అర్థం.

నాలుగు_వైర్లు:
ఫ్రేము గురించి అన్న చెప్పేశారు. నేను ఇరుసు, లైట్లు, కాగితాలు చూస్తాను.

8 అడుగుల తొట్టిలో 60 శాతం ముందు, 40 వెనక ఉండాలి. ఇరుసు మధ్యగీత ముందు అంచు నుంచి 57, 58 అంగుళాల దగ్గరకు వస్తుంది. ఐ బీము కాబట్టి హ్యాంగర్లను రెక్కకు క్లాంప్ ప్లేట్లతో బిగించే రకం తీసుకోండి. బెజ్జం అక్కర్లేదు, సరుకు వేసి చూశాక ఇరుసును రెండంగుళాలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. వెనక బరువు ఎక్కువైతే గంటకు 55 మైళ్ల దగ్గర తోక ఊగడం మొదలవుతుంది, ఇక బ్రేకు తొక్కే కొద్దీ పెరుగుతుంది.

క్యాంపర్ ఇరుసు గొట్టం మధ్యలో కొద్దిగా పైకి వంగి ఉంటుంది, అలాగే పెట్టాలి. తిరగేస్తే టైర్ల లోపలి అంచులు నెల తిరక్కుండా అరుగుతాయి. హబ్ ముఖం నుంచి హబ్ ముఖానికి కొలవండి. 60 అంగుళాల తొట్టి, పక్కకు రెండున్నర చొప్పున ఖాళీ, 8 అంగుళాల టైరు, కలిపితే 73 కావాలి. కమాన్ సీట్ల (ఇరుసు మీద కమాన్లు కూర్చునే పలకలు) మధ్య దూరం మీ రైళ్ల మధ్యగీతల దూరంతో కలవాలి. కలవకపోతే సీట్లు కోసి కొత్తవి ముందూ వెనకా వైపుల మాత్రమే వెల్డ్ చెయ్యండి, గొట్టం చుట్టూ తిప్పి కాదు. బేరింగులు విప్పి చూడండి, నీలం రంగు తిరిగి ఉంటే వేడెక్కి పాడైనట్టే. 3,500 ఇరుసుల్లో చాలావాటికి ఎల్44649, ఎల్68149 జత సరిపోతుంది, అయినా స్పిండిల్ (బేరింగు కూర్చునే ఇరుసు చివర) కొలిచాకే కొనండి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. ఆరేళ్లు దాటితే చూడ్డానికి ఎంత బాగున్నా మార్చాల్సిందే.

ఈ కొలతలతో టైరు బయటి అంచు నుంచి అంచుకు 81 అంగుళాలు. 80కి చేరిన బండికి అదనపు లైట్లు కావాలి. వెనక మధ్యలో మూడు ఎర్రవి ఒక వరసలో, వెనక రెండు చివర్ల ఎరుపు, ముందు రెండు చివర్ల పసుపు. చాలామంది ఇది మర్చిపోతారు. తొట్టిని రెండు మూడంగుళాలు తగ్గించే బదులు ఆ లైట్లే పెట్టేయండి, ఖర్చు తక్కువ.

నాలుగు వైర్ల ప్లగ్గులో తెలుపు గ్రౌండ్, బ్రౌన్ టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఉక్కు ట్రైలర్లలోలా ఫ్రేమునే గ్రౌండ్‌గా నమ్ముకోవద్దు. అల్యూమినియం మీద పేరుకునే ఆక్సైడు కరెంటును పోనివ్వదు. ప్రతి లైటుకూ తెల్ల వైరు విడిగా లాగండి. కోసిన అంచుల్లోంచి వైరు దూరే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ పెట్టండి, లేకపోతే కుదుపులకు తొడుగు కోసుకుపోతుంది.

గొలుసులు రెండు, ఒక్కొక్కటి మొత్తం బరువు మొయ్యగలది, కప్లర్ (బంతిని పట్టుకునే టంగ్ తల) కింద అడ్డంగా మార్చి కట్టాలి. అల్యూమినియం టంగ్‌కి కొక్కేలు వెల్డ్ చెయ్యకండి, వెనక ఉక్కు పలకతో బోల్టు వెయ్యండి.

కాగితాలు: టెక్సస్‌లో 4,000 పౌండ్ల మొత్తం బరువు లోపు ట్రైలర్‌కు టైటిల్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ మాత్రం కావాలి. కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు ముందే ఫోన్ చెయ్యండి. ఖాళీ బండిని కాటా వేయించిన చీటీ, సామాను రసీదులు, నాలుగు వైపుల ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి. పడవ ట్రైలర్ బీము మీద పాత నంబరు పలక ఉంటే అమ్మినవాళ్ల దగ్గర కొనుగోలు పత్రం రాయించుకోండి. ఆ పాత నంబరును కొత్త బండికి వాడకూడదు.

బాడీ_ఆటోనగర్:
విజయవాడ నుంచి. బస్సు బాడీల్లో ఉక్కు చట్రం మీద అల్యూమినియం రేకు కొట్టడమే మా రోజువారీ పని కాబట్టి ఆ రెండూ కలిసే చోటు గురించే చెప్తా. తడి తగిలితే ఉక్కుకు ఆనుకున్న చోట అల్యూమినియం తెల్లపొడి కట్టి తినుకుపోతుంది. పైకి రంగు బుడగలా లేస్తుంది, గోకితే లోపల గుంట. మీ బండిలో ఉక్కు తగిలేది కమాన్ హ్యాంగర్లు, కప్లర్, గొలుసు పలకలు. ప్రతిచోటా మధ్యలో ఈపీడీఎం రబ్బరు లేదా గట్టి ప్లాస్టిక్ పలుచటి పలక పెట్టండి. కప్లర్ దగ్గర, హ్యాంగర్ల దగ్గర మాత్రం మెత్తటి రబ్బరు వద్దు, నలిగి బోల్టు బిగువు పోతుంది. అక్కడ ప్రైమర్, డ్యూరాలాక్ లాంటి తుప్పు ఆపే పేస్టు చాలు.

స్టెయిన్‌లెస్ బోల్టులు వాడొచ్చు. పెద్ద అల్యూమినియం ముక్కలో చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు పెద్దగా హాని చెయ్యదు, మరలకు పేస్టు రాస్తే పట్టేయదు కూడా. బెజ్జం అంచుకు బోల్టు లావుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. వాషర్ పెద్దది వెయ్యండి, మెత్తటి లోహంలో చిన్న వాషర్ దిగబడిపోతుంది.

చెకర్డ్ ప్లేటు పక్కలకు పాప్ రివెట్ అయితే 4.8 మిల్లీమీటర్లది, చివర మూసి ఉండే రకం. 75 మిల్లీమీటర్లకొకటి. మామూలు రివెట్లో ఉక్కు మేకు లోపలే ఉండి తుప్పు కారుతుంది. అడ్డదూలాల తగులు మాత్రం రివెట్లకు వదలకండి, పావు అంగుళం మందం యాంగిల్ ముక్కలు, ఒక్కో చివరకు మూడెనిమిదో వంతు బోల్టులు నాలుగు.

ఒక మాట అడుగుతా, నేల దేనితో వేస్తున్నారు?

డెంటన్_వాసి:
అందరికీ థాంక్స్. నేలకు పాత డెక్ విప్పిన ప్రెషర్ ట్రీటెడ్ పలకలున్నాయి, అవే అనుకున్నా. ఇంకోటి, కమాన్లు ఎలాగూ 3,500 మోసేవి కదా, గట్టివి ఉంటే మంచిదేగా?

బాడీ_ఆటోనగర్:
ఆ పలకలు వద్దండీ. ఇప్పటి ట్రీటెడ్ చెక్కలో రాగి లవణాలుంటాయి. వాన తడికి అవి అల్యూమినియంను ఉక్కు కంటే వేగంగా తినేస్తాయి. ముప్పావు అంగుళం ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ వేసి, కోసిన అంచులకు రెండు కోట్లు రంగు కొట్టండి. డెక్ పలకలే వాడతామంటే ప్రతి అడ్డదూలం మీదా బ్యూటిల్ టేపు వేసి, రాగి అంటని స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడాలి. ఆ టేపు ఖర్చుకు ప్లైవుడ్డే వస్తుంది.

ఆర్గాన్_అన్న:
కమాన్లు గట్టివి అయితే మంచిది కాదు, అల్యూమినియంకు అదే శత్రువు. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, దాని కింద ఎన్ని లక్షల సార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియంకు అలాంటి హద్దు లేదు, ప్రతి కుదుపూ ఖాతాలో పడుతుంది. ఒక్కోటి 1,750 మోసే కమాన్ల మీద 500 పౌండ్ల ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, హ్యాంగర్ల దగ్గర, ఫెండర్ బ్రాకెట్ల దగ్గర పగుళ్లు అలానే వస్తాయి. జత కలిపి 2,000 మోసేవి, అంటే ఒక్కోటి 1,000 పౌండ్లవి కొనండి. కమాన్ చివరి కళ్ల (బోల్టు దూరే వలయాల) మధ్య దూరం, పట్టీ వెడల్పు పాతవాటితో కలిసేలా చూసుకోండి. బండి మీద రాసే గరిష్ఠ బరువు కూడా 2,000 అనే రాయండి, ఇరుసు 3,500ది కదా అని ఎక్కువ రాయకండి.

మొదటి 50 మైళ్లకు వీల్ నట్లు మళ్లీ టార్క్ చెయ్యండి, అర అంగుళం స్టడ్డుకు 90 నుంచి 120 అడుగు-పౌండ్లు. అదే రోజు టంగ్ క్లాంప్ బోల్టులు, హ్యాంగర్ బోల్టులు కూడా. ప్లేట్లు మొదట్లో కొంచెం కూర్చుంటాయి.